బెయిలు మీద వచ్చిన మనిషి

సదుం పక్కన ఒక మెట్ట పల్లెలో పూలమ్మ గొర్రెలు మేపుకొని బతికేది. మొగుడు పోయాక మందనూ, కూతురు అంబికనూ ఒంటిచేత్తో సాకింది. మరిది ఎల్లప్ప తన జీవాలను కూడా ఆమె మందతో కలిపి తోలేవాడు.

తొంభై ఎనిమిది ఎండాకాలం. మధ్యాహ్నం పూలమ్మ, ఎల్లప్ప గుట్ట వాలులో బండ నీడన కూర్చొని ఉండగా కింద చేనులో కేకలు వినబడ్డాయి. బోరు నీళ్ల కోసం గురప్పకూ ముద్దుకృష్ణకూ ఎప్పటినుంచో ఉన్న తగాదా. చూస్తుండగానే ముద్దుకృష్ణ గడ్డపార ఎత్తాడు. గురప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. రెండో దెబ్బకు ఆ చెయ్యి లేవలేదు.

పూలమ్మ గట్టిగా అరిచింది. ముద్దుకృష్ణ తలెత్తి గుట్ట మీదికి చూశాడు. పరిగెత్తలేదు. కాలువలో చేతులు కడుక్కొని, గడ్డపార భుజాన వేసుకొని ఇంటికి నడిచాడు.

మొగుణ్ని చంపాడని గురప్ప పెళ్లాం తులసమ్మ ఫిర్యాదు ఇచ్చింది. ఎఫ్ఐఆర్ కట్టారు. పోలీసులు అడిగినప్పుడు పూలమ్మ, ఎల్లప్ప చూసింది చూసినట్టు చెప్పారు. ముద్దుకృష్ణను రిమాండుకు పంపారు. ఇక అంతా అయిపోయిందనుకుంది పూలమ్మ.

వానలు మొదలయ్యాక ఒకనాడు ముద్దుకృష్ణ పుంగనూరు బస్సు దిగాడు. తెల్లచొక్కా, కొత్త చెప్పులు. బెయిలు వచ్చిందన్నారు. కేసు కొట్టేసినట్టేనని ఊళ్లో చెప్పుకున్నారు. ఆమె మందను తోలుకుపోయే దారిలో అతను రోజూ గట్టు మీద కూర్చునేవాడు.

"ఏమమ్మా పూలమ్మా, బాగుండావా? అంబిక బాగుండాదా?" అని నవ్వుతూ పలకరించేవాడు. అంతే. ఇంకొక్క మాట ఎక్కువ అనేవాడు కాదు.

కొన్నాళ్లకు ఆమె కాపలా కుక్క చింతచెట్టు కింద నురగలు కక్కి చచ్చి పడి ఉంది. సాయంత్రానికల్లా ముద్దుకృష్ణ ఒక కుక్కపిల్లను చంకన పెట్టుకొని గడప ముందు నిలబడ్డాడు.

"కుక్క లేకుంటే ఎట్లమ్మా? ఆడకూతురు ఉండే ఇల్లు" అని దాన్ని దింపి వెళ్లిపోయాడు.

మరుసటి వారమే పూలమ్మ అంబికను కుప్పంలో ఉండే తన అక్క ఇంటికి పంపేసింది. తాను మదనపల్లె కోర్టుకు వెళ్లి, ప్రభుత్వం తరఫున కేసు నడిపే లాయరు ఉషారాణిని కలిసింది.

"సంపినోన్ని యాల ఇడ్సిపెట్టినారు మేడమ్?"

"విడిచిపెట్టలేదు పూలమ్మా. బెయిలంటే కేసు పోయినట్టు కాదు, పిలిచినప్పుడు కోర్టుకు రావాలి. నేరం రుజువయ్యేదాకా అతను నిందితుడే, దోషి కాదు. సాక్షులను బెదిరిస్తే బెయిలు రద్దు చేయమని అడగొచ్చు. నిన్ను ఏమని బెదిరించాడు?"

"బాగుండావా అన్నాడు. కుక్కపిల్లను తెచ్చిచ్చినాడు."

ఉషారాణి చేతిలోని పెన్ను కాగితం మీద పెట్టలేదు. ఆ మాటల్లో కోర్టుకు చూపించడానికేమీ లేదని ఆమెకూ తెలుసు, ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖం చూస్తే ఏం జరుగుతోందో కూడా తెలుసు.

విచారణ రెండేళ్లకు గానీ మొదలు కాలేదు. ముందు ఎల్లప్పను బోనెక్కించారు. అతను నేల చూపులు చూస్తూ, "నేనేమీ సూడలేదు సామీ. ఆ పొద్దు నేను ఆడ లేను" అన్నాడు. సాక్షి ఎదురు తిరిగాడని ఉషారాణి కోర్టుకు చెప్పింది. బోను దిగి పోతూ ఎల్లప్ప వదిన పక్కకు కూడా చూడలేదు.

తర్వాత పూలమ్మ. బోను చెక్కను పట్టుకుంది. అవతలి లాయరు అంత దూరం నుంచి ముఖం ఎట్లా కనిపించిందన్నాడు, ఎండ కళ్లల్లో పడలేదా అన్నాడు, గురప్ప ఇంటివాళ్లు చెప్పమన్నారా అన్నాడు.

"దూరంగా తప్పిపోయిన గొర్రె నాదో పరాయిదో గుట్ట మీదనుంచే సూసి సెప్తా. పుట్టినకాడ్నించి సూస్తాండే మనిషిని గుర్తు పట్టనా? ముద్దుకృష్ణే కొట్టినాడు. నేను సూసినా" అంది. ముద్దుకృష్ణ ఆమెను చూసి నవ్వాడు, అచ్చం గట్టు మీద కూర్చొని నవ్వినట్టే.

ఆమె సాక్ష్యాన్ని నమ్మి కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. తులసమ్మ ఆమెను పట్టుకొని భోరుమని ఏడ్చింది. ఆ తర్వాత మూడేళ్లు పూలమ్మ భయం లేకుండా నిద్రపోయింది. ఎల్లప్పతో మాత్రం మాటల్లేవు. మంద వేరు చేసుకుంది.

రెండువేల నాలుగులో తులసమ్మ పరుగున వచ్చింది. "అక్కా, హైకోర్టులో అప్పీలు ఉండాదంట. అది తేలేదాకా శిక్ష ఆపినారంట. వాడు వస్తాండాడు."

పూలమ్మ ఆ వారం సంతలోనే గొర్రెలన్నిటినీ అమ్మేసింది. ఇంటికి తాళం వేసి కుప్పం వెళ్లిపోయింది. నిజం చెప్పిన మనిషి ఊరు విడిచింది, శిక్ష పడిన మనిషి ఊళ్లో తిరిగాడు.

మరో రెండేళ్లకు తులసమ్మ కుప్పం వచ్చింది. పూలమ్మ అప్పటికి మల్బరీ తోటల్లో ఆకు కోతకు పోతోంది.

"అప్పీలు కొట్టేసినారక్కా. వాన్ని మళ్లీ జైలుకు తీసకపోయినారు. ఇంగ వచ్చేయి."

"దీని పైన ఢిల్లీలో ఇంకో కోర్టు ఉండాదంట గదా?" అని అడిగింది పూలమ్మ.

సాయంత్రం తులసమ్మను బస్సెక్కించి పూలమ్మ వెనుదిరిగింది. నేరుగా ఇంటికి పోలేదు. మార్కెట్ సందులోకి మళ్లి, ఒక కొట్టు పక్కన ఆగి, వెనక ఎవరూ రావడం లేదని చూసుకున్నాకే ఇంటి దారి పట్టింది.