పద్నాలుగు పేర్లకు పదకొండు సెకన్లు

శాంతమ్మ చిక్కపేటలో పట్టుచీరల కొంగులకు కుచ్చులు కడుతుంది. ఆమెతో పాటు ఆ పని చేసే ఆడవాళ్ళు పదముగ్గురు. తండ్రి దగ్గర నేర్చుకున్న కీర్తనలన్నీ ఆమె వాళ్ళకు నేర్పింది. ఆరేళ్ళుగా మూడు నెలలకోసారి వాళ్ళ బృందగానం ప్రభుత్వ రేడియోలో వస్తోంది. అనౌన్సరు చదివేది మాత్రం "శ్రీ భుజంగరావు బృందం" అని.

భుజంగరావు చీరల కొట్టు యజమాని. వీళ్ళు సాధన చేసేది ఆయన మిద్దె మీది గదిలో. ఆయనకు పాట రాదు. మొదట్లో ఫారం నింపిపెట్టమంటే, నాయకుడి గడిలో తన పేరే రాసుకున్నాడు.

వయొలిన్ వాయించినాయన పేరు చదువుతారు. మృదంగం ఆయన పేరూ చదువుతారు. పాడినవాళ్ళెవరో చెప్పరు!

ఒకసారి రికార్డింగుకు ముందు శాంతమ్మ ప్రోగ్రామ్ ఆఫీసరు రాఘవేంద్రను పట్టుకుంది.

"అందరి పేర్లూ చదివితే పాటకి టైమెక్కడ ఉండాదమ్మా?"

"పదకొండు సెకన్లు సార్. గడియారం పెట్టుకొని చదివి చూస్తిమి."

"అబ్బో! నా కుర్చీలో మీరే కూచోవాల్సింది."

"మీ కుర్చీ మాకేల సార్, మా పేర్లు చాలు. కావాలంటే ఒక చరణం విడిచిపెడతాం."

"సరే, చదివిస్తాం పోండి."

తండ్రి చెప్పిన పాఠంలో అక్షరం వదలని మనిషి, చరణమే వదిలి పాడింది.

ఆదివారం పొద్దున పద్నాలుగుమందీ ఆ గదిలో ఒకే ఫోను చుట్టూ కూర్చున్నారు. "శ్రీ భుజంగరావు బృందం" అన్నారు. వయొలిన్ అన్నారు, మృదంగం అన్నారు. పాట అయిపోయింది. ఇంకా టైము మిగిలింది. దాన్ని నింపడానికి ఎవరిదో పాత వీణ వేశారు, నలభై సెకన్లు. పదకొండుకు చోటులేదన్నది ఈ రేడియోవాళ్ళే.

భుజంగరావు నవ్వుతూ మిద్దె ఎక్కి వచ్చాడు. "మన పేరొచ్చింది, వింటిరా?"

"మన పేరా? నువ్వు ఏ చరణం పాడితివప్పా?" అంది శాంతమ్మ.

"నా గదిలోనే కదమ్మా మీరు నేర్చుకునేది!"

"అట్లయితే వచ్చేసారి గదినే తీసుకుపో. పాడుతుంది."

తర్వాతి రికార్డింగుకు ఒక్కరూ పోలేదు. రాఘవేంద్ర ఫోన్ చేశాడు. "ఏమమ్మా, స్టూడియోలో భుజంగరావుగారు ఒక్కరే ఉండారు!"

"బృందం ఆయనదే కదా సార్. పాడించుకోండి."

"కోపం వద్దమ్మా. మీ పేరుతో వేరే ఫారం ఇయ్యండి. కాకపోతే కొత్త బృందమని లెక్క, మళ్ళీ ఆడిషన్ చేయాల."

ఆరేళ్ళు ప్రసారం చేసిన గొంతులు పాడగలవో లేవో ఇప్పుడు తేల్చాలట. పాట రాని ఆయన్ను ఆ ఆరేళ్ళలో ఒక్క స్వరం పాడమని అడిగినవాళ్ళు లేరు.

శాంతమ్మ ఫారం ఇచ్చింది. నాయకుడి గడిలో పద్నాలుగు పేర్లూ రాసింది, చోటు చాలక అంచుల మీద కూడా. గది పోయింది, సాధన ఇప్పుడు ఆమె ఇంటి వాకిట్లో. ఫారం ఇచ్చి ఐదు నెలలైంది. ఆడిషన్‌కు పిలుపు రాలేదు.