అత్తమ్మ గుర్తుపట్టిన గొంతు

రక్తపరీక్షలు చేసే ల్యాబ్‌లో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. గాలీ ధూళీ అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకునే మనిషిని. ఇప్పటికీ దెయ్యం అనే మాట వాడను. జరిగింది మాత్రం చెబుతాను.

మేం శ్రీకాకుళంలో అద్దె ఇంట్లో, కింది వాటాలో ఉంటాం. మా ఆయన నాయుడు టెక్కలిలో కాలేజీ లెక్చరర్. మా అత్తగారికి అల్జీమర్స్ వచ్చి అప్పటికి మూడేళ్లు. మొదట పొయ్యి మీద పాలు మరిచిపోయేది. తర్వాత తిన్న సంగతే మరిచిపోయి మళ్లీ అన్నం అడిగేది. ఒకరోజు శ్రీముఖలింగంలోని పుట్టింటికి పోతానని బస్ కాంప్లెక్స్ దాకా నడిచి వెళ్లిపోయింది. అప్పటినుంచి తలుపుకు లోపల తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకునేదాన్ని.

అన్నిటికంటే కష్టమైంది, ఆమె కొడుకుని కాదనడం. ఆయన ఇంట్లోకి రాగానే గోడకు అతుక్కుపోయి నా చెవిలో చెప్పేది: "ఈడు నా కొడుకు కాడే. ఎవుడో ఆడి మొకం ఎట్టుకుని వస్తన్నాడు." ఈ జబ్బులో కొందరికి అలా అవుతుందని డాక్టరు చెప్పారు. ముఖం గుర్తుంటుందట, మనవాడన్న భావం పోతుందట. ఆయన పెడితే ముద్ద మింగేది కాదు. ఆయన వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

ఆ రోజు నేను ల్యాబ్‌కు సెలవు పెట్టాను. మధ్యాహ్నం మూడు దాటింది. బయట ఎండ. అత్తమ్మకు జడ వేస్తున్నాను. తలుపు మీద ఎవరో రెండుసార్లు కొట్టారు.

"అమ్మా, తలుపు తియ్యే."

మా ఆయన గొంతు. వారం రోజులుగా ఆయనకు జలుబు. ఆ బొంగురుతో సహా అదే గొంతు.

అత్తమ్మ చివ్వున లేచింది. "నాయుడొచ్చినాడే! నా కొడుకే! బేగి తియ్యే!"

రెండేళ్లుగా ఆమె నోట ఆ మాట వినలేదు. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది. తాళంచెవి తాళంలో పెట్టాను. అప్పుడే ఫోన్ మోగింది. మా ఆయన.

"ఇంకా టెక్కలిలోనే ఉన్నానే. బస్సు దొరకనేదు. అమ్మ అన్నం తిన్నాదా?"

వెనక బస్టాండు మైకు వినిపిస్తోంది. నేను జవాబు చెప్పేలోగా తలుపు అవతలినుంచి మళ్లీ, "అమ్మా, తియ్యే."

ఫోన్లో ఆయనకూ అది వినబడింది. "ఎవులే అది?" అన్నారు. వెంటనే, "తియ్యకు."

తాళంచెవి లాగేసి పిడికిట్లో బిగించాను. అత్తమ్మ నా మీద పడింది. నలభై కిలోలు లేని మనిషి నా వేళ్లు ఒక్కొక్కటే విడదీస్తోంది. మణికట్టు రక్కేసింది. "నా బిడ్డని నోపలికి రానీయవేటే!" అని గుండెలు బాదుకుంది.

అవతల ఇంకో పిలుపు లేదు. వెళ్లిపోతున్న అడుగుల చప్పుడు కూడా లేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

కాసేపటికి కిటికీలోంచి ఇంటి ఓనరమ్మను కేకేశాను. ఆవిడ మా గుమ్మానికి ఎదురుగా మెట్ల మీద కూర్చుని పప్పు ఏరుకుంటోంది. "ఎవులూ రానేదమ్మా. భోజనాల కాడ్నించి నానిక్కడే ఉన్నాను" అంది.

సాయంత్రం ఆయన వచ్చి పిలిచినా, బయటినుంచి ఫోన్ చేయించుకున్నాకే తలుపు తీశాను. అత్తమ్మ ఆయన్ని చూసి అటు తిరిగిపోయింది. "నా కొడుకొచ్చి ఎలిపోనాడు. ఇది తియ్యనేదు" అని గోడకు చెప్పుకుంది. మూడు రోజులు నా చేతి అన్నం కూడా ముట్టలేదు.

మరుసటి వేసవిలో ఆమె పోయింది. చివరిదాకా మా ఆయన్ని కొడుకని అనలేదు.

ఆమె మనసు ఎందుకలా అయిందో డాక్టరు చెప్పగలిగారు. జబ్బు లేని మేమిద్దరం విన్నదేమిటో మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు. మా ఇంట్లో ఆ మాట ఎవరం ఎత్తం. కానీ ఆయనకు అన్నం వడ్డిస్తూ, ఒక్కోసారి ముఖంలోకి కాస్త ఎక్కువసేపు చూస్తూ ఉండిపోతాను. ఆయన తలెత్తేలోగా చూపు తిప్పుకుంటాను.