శాటిలైట్ చెప్పిన దారి

మా సైకిల్ జట్టులో ఒక ఫిజిక్స్ లెక్చరర్ గారు ఉండేవారు. హ్యాండిల్‌కి జీపీఎస్ బిగించుకుని, దారిలో ఎవరినీ ఏదీ అడగనని ఒట్టు పెట్టుకున్న మనిషి. "శాటిలైట్‌కి తెలియదాండీ?" అనేవారు.

ఒకసారి రాజమండ్రి నుంచి నర్సాపురం బయల్దేరాం. అక్కడ మా అక్క అందరికీ వంట చేసి కూర్చుంది. రాజోలులో నేను కాగితం మ్యాపు విప్పి, "గోదావరి మీద ఉన్నది చుక్కల గీతండి, రోడ్డు కాదు. రేవు దాటించే పంటు నడుస్తోందో లేదో ఈ టీకొట్టులో అడుగుదాం, లేకపోతే వంతెన మీదుగా పోదాం," అన్నాను.

"ఆ కాగితం పకోడీలకి దాచుకోండి మేడమ్," అన్నారాయన.

సఖినేటిపల్లి రేవులో ఆయన యంత్రం తిన్నగా నీళ్లలోకే పొమ్మంది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న జాలరి తలెత్తి, "గాలి ఎక్కువని పొద్దుటే పంటు ఆపేశారండి. రాజోల్లో ఎవర్నడిగినా చెప్పేవారే," అన్నాడు.

వెనక్కి తిరిగి, వంతెన దాటి చేరేసరికి అక్క చేసిన చేపల పులుసు చల్లారిపోయింది. అక్క మాత్రం వేడిగానే ఉంది.

ఆ తర్వాత లెక్చరర్ గారికి టీ అలవాటు పెరిగింది. ప్రతి జంక్షన్‌లోనూ మమ్మల్ని ఆపి, ఒక్కరే కొట్టు దగ్గరికి వెళ్లి, గొంతు తగ్గించి ఏదో మాట్లాడి వచ్చేవారు. వచ్చి, యంత్రం కేసి చూస్తూ ప్రకటించేవారు:

"ఎడమకండి. శాటిలైట్ చెప్పింది."