టర్న్ అప్‌కు నాలుగు వాక్యాలు

డిగ్రీ రెండో ఏడాదిలో గోదావరిఖనిలో ఒక స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో చేరాను. మా సారు రోజుకో మాట పట్టుకుని దాని అర్థాలన్నీ పిండేవాడు. ఆ రోజు పట్టుకున్నది ‘టర్న్ అప్’. మనిషి వచ్చినా టర్న్ అప్, పోయిన వస్తువు దొరికినా టర్న్ అప్, రేడియో సౌండు పెంచినా, ప్యాంటు కాళ్లు పైకి మడిచినా అదే. ఇన్ని పనులకు ఒకటే మాటా, వీళ్లకు మాటలు కరువా అని నాకు ఒళ్లు మండింది. పైగా ఒక్కో అర్థానికి ఒక్కో వాక్యం, అదీ మీ ఇంటి సంగతే రాసుకురమ్మన్నాడు.

సాయంత్రం మా క్వార్టరు గడప మీద కూర్చున్నాను. బతుకమ్మ పాటలొస్తే అమ్మ రేడియో సౌండు పెంచుతుంది, ఒక వాక్యం. పోయిన నా చెవి కమ్మ బియ్యం డబ్బాలో దొరికింది, రెండోది. బాయి పనికి పోయేటప్పుడు బాపు ప్యాంటు మడుస్తాడు, మూడోది. బొగ్గుగనిని మేం బాయి అనే అంటాం. ఇక మిగిలింది మనిషి రావడం.

బాపుది ఫస్ట్ షిఫ్టు. నాలుగింటికల్లా ఇంట్లో ఉండాలి. ఐదు దాటింది. పక్క క్వార్టర్ల వాళ్లందరూ వచ్చి స్నానాలు కూడా చేసేశారు. బాపు కోసం కాచిన నీళ్లు చల్లారితే అమ్మ మళ్లీ పొయ్యి మీద పెట్టింది. నాకు ఇంకేం తోచక, బాపు రాలేదని, ‘మై ఫాదర్ డిడ్ నాట్ టర్న్ అప్’ అని ఇంగ్లిష్‌లో రాసేశాను.

“ఏం రాసినవ్ బిడ్డా?” అంది అమ్మ.

“ఏం లేదు, హోంవర్కు.”

రాసింది మళ్లీ చదువుకున్నాను. షిఫ్టు దాటినా ఇంటికి చేరని మనిషిని మా ఇళ్లలో ‘రాలేదు’ అనరు. ‘వస్తుండు’ అంటారు. నోటితో అనని మాట చేత్తో రాశానే! పుస్తకం పడేసి సైకిలెక్కాను.

బాయి దగ్గర ల్యాంపు రూము ఉంటుంది. కిందికి దిగే ప్రతి మనిషికీ అక్కడ ఒక లైటు ఇస్తారు. పైకి వచ్చాక దాని నంబరు గూట్లోనే తిరిగి పెట్టాలి. బాపు గూడు ఖాళీగా ఉంది.

లైట్లిచ్చే కాక నా మొహం చూడకుండానే, “కిందికి ఫోన్ చేసిన బిడ్డా. ఆడ లేడంటున్నరు. ఎతుకుతున్నరు. ఫికర్ చెయ్యకు, వస్తడు” అన్నాడు.

కింద లేడు, పైన లేడు. ఆ వాక్యం రాసిన చెయ్యి పడిపోనీ గానీ బాపు రావాలని గుర్తొచ్చిన దేవుళ్లందరికీ మొక్కాను.

గేటు ముందు ఆటో ఆగింది. బాపు దిగాడు! ఒళ్లంతా బొగ్గు, నెత్తిన టోపీ, టోపీకి లైటు. ఆ ఎండలో అది వెలుగుతూనే ఉంది.

“లైటిద్దామని వచ్చిన” అన్నాడు నసుగుతూ. తనతో పనిచేసే ఆయన పైకి రాగానే కళ్లు తిరిగి పడిపోయాడట. షిఫ్టు మారే హడావుడిలో ఎవరికీ చెప్పకుండా, ఆయన్ని దొరికిన ఆటోలో వేసుకుని బాపు దవాఖానకు పోయాడట. ఆయన లేచి కూర్చునేదాకా తన నెత్తిన లైటున్న సంగతే గుర్తులేదట.

కాక బయటికి ఉరికొచ్చాడు. “ఏందే అన్నా గిది! ఈడ మేం పాణాలు చేతుల వెట్టుకొని ఎతుకుతున్నం. నువ్వు పట్టపగలు లైటేసుకొని దవాఖానల ఏం తవ్వినవే?”

అక్కడున్న వాళ్లందరూ పగలబడి నవ్వారు. నేను మాత్రం బాపు చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. నా అరచేతులు నల్లగా అయ్యాయి.

ఇంటికొచ్చాక అమ్మ, “మనిషివా, రాయివా? ఒక్క మాట చెప్పి పోరాదూ!” అని తిడుతూనే నీళ్లు తోడింది. బాపు స్నానం చేస్తున్న చప్పుడు వింటూ నేను పుస్తకం తెరిచాను. ఆ వాక్యంలో ‘నాట్’ అన్న ఒక్క మాటను, కాగితం చిరిగేలా కొట్టేశాను.

“ఏం కొట్టేస్తున్నవే?” అంది అమ్మ.

“తప్పు రాసినమ్మా.”