పాల చేతుల నవ్వు

“చేప పేరు చెప్పకుండా వల కొంటానంటే ఎలాగండీ? ముందు దేన్ని ఫొటో తీద్దామనుకుంటున్నారో చెప్పండి. లెన్సు సంగతి తర్వాత.”

అన్నారు బుల్లియ్య గారు. పెనుగొండ బజారులో ఆయన స్టూడియోకి నేను వెళ్ళింది లెన్సు గురించి అడగడానికే. పాత కెమెరా ఒకటి చేతికొచ్చింది. దానికి ఏ లెన్సు కొనాలో తెలియలేదు. గోదావరి లంకల్లో వాలే కొంగల్ని తీద్దామని ఉందన్నాను.

“కొంగలా! నేను పెళ్ళిళ్ళవాణ్ణి. మా కొంగలు పిలవకుండానే వచ్చి కెమెరా ముందు నిలబడతాయి.” నవ్వుతూ కౌంటరు మీద తెల్ల తువ్వాలు పరిచి, అద్దాల బీరువాలోంచి లెన్సులు ఒక్కొక్కటే తీసి దాని మీద పెట్టసాగారు.

ఆయన నరసాపురం రేవులో పుట్టారు. తండ్రి వలలు అల్లేవాడు. వల కన్ను కొలవడానికి ఒక్కో చేపకి ఒక్కో వెదురుబద్ద ఉండేదట. బుల్లియ్య గారు పంతొమ్మిదో ఏట పడవ దిగి, ఊళ్ళో ఒక స్టూడియోలో ఫొటోలు కడిగే పనిలో చేరారు. ఫొటో తియ్యడం నేర్పినవాళ్ళెవరూ లేరు. పాడుచేసిన రీళ్ళే గురువులంటారు. తండ్రి బద్ద ఒకటి ఇప్పటికీ లెన్సుల బీరువాలోనే ఉంది.

“ఇది ఇరవైనాలుగు నుంచి డెబ్భై మిల్లీమీటర్లది. మనింట్లో కత్తిపీటనుకోండి. వంకాయకీ ఇదే, చేపకీ ఇదే. పెళ్ళిలో సగం దీంతోనే లాగేస్తాను. ఇదిగో, ఈ పదహారు ఉంది చూశారూ, ఇది విసురు వల. ఇరుకు మండపంలో కూడా వందమందిని పట్టేస్తది. కానీ కొసల్లో ఉన్నవాళ్ళు సాగిపోతారండి. ఓసారి పెళ్ళికొడుకు మేనత్తని కొసన నిలబెట్టాను. ఆవిడ ఆల్బమ్ చూసి, ‘ఏం బుల్లియ్యా, పెట్టిన భోజనం తిన్నావు కదా, నన్ను గుమ్మడికాయ చేశావేంటయ్యా’ అంది. అప్పట్నుంచీ కొసల్లో సన్నగా ఉన్నవాళ్ళనే పెడతన్నాను.”

ఉంగరాలకీ మెట్టెలకీ ఒకటి. పంతులుగారు విసుక్కోకుండా దూరంగా ఉండి తాళి కట్టేది తియ్యడానికి పొడుగుది మరొకటి. “మీ కొంగలకి ఈ పొడుగు కూడా చాలదండి. నాలుగొందలన్నా ఉండాలి. అడుగు వేశామంటే ఎగిరిపోతాయి మరి.”

బీరువాలో ఇంకొక లెన్సు నల్లటి గుడ్డసంచిలో విడిగా ఉంది. ఆయన చెయ్యి దాన్ని తప్పించుకుంటూ పోవడం చూశాను. అదేమిటని అడిగాను.

“అది ఎనభై అయిదు. మనిషి ముఖానికి దాన్ని మించింది లేదండి. తొమ్మిది రోజులైంది దాన్ని ముట్టుకుని.”

ఇంతలో ఫోను మోగింది. చేతిలో లెన్సు ఉండటంతో స్పీకరు నొక్కారు.

“బాబాయ్ గారూ, అయ్యిందా అండీ?” ఒక అమ్మాయి గొంతు.

“చేస్తన్నానమ్మా.”

“ఎల్లుండే కదండీ పెద్దకర్మ. రేపు పొద్దున్నకల్లా ఫొటో ఇమ్మంటున్నాడు ఫ్లెక్సీ వేసే ఆయన. మావయ్యేమో ఆధార్ కార్డు ఫొటో పెట్టేద్దామంటున్నాడు. నేను ఒప్పుకోలేదు. అందులో ఉన్నది మా నాన్న కాదు బాబాయ్ గారూ. ఎవర్నో పోలీసులు పట్టుకొచ్చి కూర్చోబెట్టినట్టుంది.”

“చేస్తన్నాను తల్లీ. ఉంటాను మరి.”

ఫోను పెట్టేసి తువ్వాలు కొసతో అద్దం తుడవసాగారు. తుడిచిందే తుడుస్తున్నారు. అలా తుడుస్తూనే చెప్పసాగారు.

“సత్యశ్రీ అండి. సిద్ధాంతం ఊరి దారిలో కాలవ వంతెన పక్కన ఇల్లు. వైశాఖంలో ఆ పిల్ల పెళ్ళి నేనే తీశాను. వాళ్ళ నాన్న వెంకటరమణ గారు. ఆరెకరాల రైతు. మొన్న నాట్లు వేయిస్తా చేలోనే కూలిపోయారు. గట్టు మీదకి తెచ్చేసరికే అయిపోయింది.”

వెంకటరమణ గారికి పైవరసలో ముందు పన్ను సగం విరిగి ఉండేది. చిన్నప్పుడు ఎడ్లబండి మీంచి పడ్డారట. దాంతో కెమెరా కనిపిస్తే తల దించుకోవడం, నవ్వొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైపోయింది. పెళ్ళి ఆల్బమ్ నిండా ఆయన ఉన్నారు. కాళ్ళు కడుగుతూ ఉన్నారు, కన్యాదానం చేస్తూ ఉన్నారు. అన్నిట్లోనూ నడినెత్తే. ముఖం ఎక్కడా లేదు.

“ఒక్కసారి తల ఎత్తారండి. ఒక్కసారే. అప్పుడు నా చేతిలో ఉన్నది ఇది.” గుడ్డసంచి వైపు చూపించారు.

అప్పగింతల వేళ అది. పళ్ళెంలో పాలు పోసి, అందులో చేతులు ముంచి, అమ్మాయి చేతుల్ని అత్తమామల చేతుల్లో పెట్టారు. అంతవరకూ బుల్లియ్య గారు కత్తిపీటతోనే తీశారు. ఆ తంతు అవ్వగానే లెన్సు మార్చారు.

“ముప్పై ఏళ్ళ అనుభవమండి నాది. అప్పగింతలు అవ్వగానే తండ్రన్నవాడు అక్కడ నిలబడడు. కళ్ళు తుడుచుకోడానికి వంటషెడ్డు దగ్గరకి పోతాడు. గరిటెలు సర్దుతున్నట్టు నటిస్తాడు. నేను ఎంతమందిని చూశాను! ఇంక అక్కడుండేది ఏడ్చే పెళ్ళికూతురు ఒక్కతే. ఆ కళ్ళకి ఎనభై అయిదు పెట్టి, లెన్సు కన్ను పూర్తిగా తెరిచేశాను. వెనకాల షామియానా, కుర్చీలు, చుట్టాలు అంతా మంచులా కరిగిపోవాలి. ఇప్పుడు అందరూ అడిగేది ఆ మసకే కదండీ. అలా తెరిస్తే రెండు వేళ్ళ మందమే తేటగా పడతది. కనురెప్ప పడితే చెవి పడదు.”

కానీ వెంకటరమణ గారు వంటషెడ్డుకి వెళ్ళలేదు. వెళ్ళబోయి వెనక్కి వచ్చారు. కూతురి భుజం వెనక మూరెడు దూరంలో నిలబడి అన్నారట: “ఎందుకే ఏడుస్తావు? మీ అత్తారింటికీ మనింటికీ మధ్య కాలవొకటే కదా. ఈతొచ్చుగా నీకు!” ఏడుస్తున్న పిల్ల పకపకా నవ్వింది. ఆయనా నవ్వారు. చెయ్యి అడ్డం పెట్టుకోవాలంటే చేతుల నిండా పాలు. కొత్త చొక్కాకి అంటకుండా రెండు చేతులూ గాల్లో ఎత్తి పట్టుకుని, నోరంతా తెరిచి నవ్వేశారు.

బుల్లియ్య గారు కంప్యూటరు తెర నా వైపు తిప్పారు. కూతురి కనురెప్పల మీద నీటిబొట్టు కూడా లెక్కపెట్టేటంత తేటగా ఉంది. ఆమె భుజం వెనక ఒక గోధుమరంగు గుండ్రం. కింద రెండు తెల్లటి మరకలు. అవి పాల చేతులు.

“లెన్సు కన్ను ఎనిమిదో అంకెకి మూసుంటే ఇద్దరూ తేటగా పడేవారండి. చక్రం తిప్పడమే కదా. ఎంతసేపు? లేదా కత్తిపీట మార్చకుండా ఉన్నా సరిపోయేది. వీడియో ఆయన అప్పటికే కారు దగ్గరున్నాడు. చుట్టాల ఫోన్లన్నీ అడిగాం. అందరూ పెళ్ళికూతుర్నే తీసుకున్నారు.”

తణుకులో ఆల్బమ్‌లు డిజైన్ చేసే ప్రసన్నకుమార్‌కి పంపించారు. అతను ఏఐలో పెట్టి అరగంటలో తేటగా చేసి ఇచ్చాడు. ఆ ఫొటో కూడా నాకు చూపించారు. నున్నటి బుగ్గలు, మెరిసే కళ్ళు, నవ్వుతున్న పెద్దమనిషి. ముప్పైరెండు పళ్ళూ ఉన్నట్టే ఉన్నాయి.

“నిన్న మైల అని కూడా చూడకుండా తల్లీకూతుళ్ళు ఇద్దరూ వచ్చారండి. మీరు కూర్చున్న ఆ కుర్చీలోనే కూర్చున్నారు లోవలక్ష్మి గారు. చాలాసేపు చూశారావిడ. చూసి, ‘బాగున్నారండి’ అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత అడిగారు, ‘ఎవరండీ ఈయన?’ అని.”

సత్యశ్రీ మాత్రం ఒకే మాట అందట. “పన్ను ఏది బాబాయ్ గారూ?”

“పన్ను విరగ్గొట్టమని ప్రసన్నకుమార్‌కి చెప్పానండి. విరగ్గొట్టాడు. అప్పుడు ఆ ఎవరో ఆయనకే పన్ను విరిగింది. వెంకటరమణ గారు రాలేదు.” నవ్వబోయి మానేశారు. “కెమెరాలో పడనిదాన్ని ఎక్కడ్నించి తెస్తామండీ? పెద్ద కన్ను వల వేసి, జారిపోయిన చిన్న పరిగె చేపల్ని వల్లో వెతుకుతున్నాను. మా నాన్నుంటే ఆ బద్దతోనే కొట్టేవాడు. ఆ పిల్లేమో రోజుకి మూడుసార్లు ఫోను చేసుద్ది. చేస్తన్నాను చేస్తన్నాను అంటాను. ఏం చేస్తన్నాను? తెర ముందు కూర్చుని చూస్తన్నాను.”

కొనడానికి ఎవరో వచ్చి ఫ్రేములు చూసి వెళ్ళిపోయారు. ఆయన తలెత్తలేదు. సొరుగు లాగి చిన్న కవరు తీశారు. లోపల పాస్‌పోర్టు సైజు ఫొటో ఒకటి. ఆ గుండ్రాన్నే చిన్నగా వేశారు.

“చిన్నగా వేస్తే మసక కొంత సర్దుకుంటదండి. చెయ్యి చాపి చూడండి.”

చాపి చూశాను. నవ్వుతున్న మనిషి ఉన్నాడు. పైవరసలో చీకటి చుక్క ఒకటి కూడా ఉన్నట్టనిపించింది. బాగా చూద్దామని దగ్గరికి తెచ్చుకుంటే మళ్ళీ గోధుమరంగు మరకే మిగిలింది.

“ఇంతకంటే పెద్దది చేస్తే ఆయన ఉండరు. వాళ్ళకి కావలసింది షామియానాకి కట్టే నాలుగడుగులది.” కవరు మూసి, నా చేతిలో పెట్టి, కాసేపు వదల్లేదు. “మీరు కొంగల కోసం సిద్ధాంతం వైపే కదండీ వెళ్ళేది?”

“అవునండి.”

“వంతెన పక్కన పచ్చరంగు ఇల్లు. నేను వెళ్ళలేనండి, రెండుసార్లు బండి తీసి మళ్ళీ లోపల పెట్టేశాను. ఇది లోవలక్ష్మి గారి చేతికివ్వండి. చెయ్యి చాపి చూడమనండి, దగ్గరగా చూడొద్దనండి. అమ్మాయి పరుగెత్తుకొచ్చి పెద్దదెప్పుడిస్తాడని అడుగుద్ది. మీకేం తోస్తే అది చెప్పండి. చేస్తన్నాడని మాత్రం చెప్పకండి.”