నీలం గౌను

మస్కట్‌కి పెట్టె సర్దుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మావారికి ఉప్పలగుప్తం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. ఆ యేడు మేత ఎక్కువగా కొన్న రైతుల్ని భార్యలతో సహా మస్కట్‌లో పెద్ద హోటల్లో అయిదు రోజులు ఉంచుతామని మేత కంపెనీవాళ్ళు అన్నారు. ఎండ ఎక్కువ, ఆడవాళ్ళు చేతులూ కాళ్ళూ కప్పే బట్టలు తెచ్చుకోవాలి, వదులుగా ఉండే నూలు బట్టలైతే మంచిది అని ఒక కాగితం కూడా పంపించారు.

ఆ కాగితం నాకు నచ్చలేదు. మా కోనసీమ నుంచి గల్ఫ్‌కి వెళ్ళే ఆడవాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళల్లో పనికి వెళ్ళేవాళ్ళే. ఎయిర్‌పోర్టులో వాళ్ళని ఇట్టే పోల్చుకోవచ్చు. వదులు బట్టలు, పొడుగు చేతులు, తలమీద చున్నీ. నన్ను కూడా ఆ వరుసలో నిలబెడతారేమోనని నా భయం. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది గాని, అప్పుడు అంతకన్నా పెద్ద సమస్య కనిపించలేదు. అందుకని ఆరు పట్టుచీరలు, పొట్టి చేతుల జాకెట్లు, హోటల్లో తిరగడానికి చేతుల్లేని కుర్తీలు సర్దాను.

జాకెట్లు కుట్టే ఆవిడ అమలాపురంలో మా వీధి చివరే ఉంటుంది. ఆవిడ కూతురు మూడేళ్ళుగా మస్కట్‌లోనే ఒకరింట్లో వంట చేస్తోంది. జాకెట్లు ఇవ్వడానికి వచ్చి, తెరిచి ఉన్న నా పెట్టె చూసింది.

“పట్టు అక్కడ ఒంటికి అంటుకుపోద్దండి అమ్మగారు. మా అమ్మాయి చెప్తుందండి. పొడుగు చేతుల గౌన్లు రెండు కుట్టిచ్చేస్తానండి.”

“నాకెందుకులే. అవి వేసుకునేవాళ్ళు వేరే ఉన్నారు,” అన్నాను.

ఆవిడ నవ్వేసింది. మర్నాడు ఒక పొట్లం తెచ్చింది. బండారులంక నూలు గుడ్డతో కూతురికోసం కుట్టిన గౌన్లు, ఒకటి నీలం, ఒకటి గంధం రంగు.

“దాన్ని చూసి మూడేళ్ళయిందండి. ఇప్పటి కొలత తెలీక మీ కొలతకే కుట్టేనండి. వెళ్ళేప్పుడు మీ అంతే ఉండేదండి. దానికిచ్చి, సరిపోయేయో లేదో చూసి చెప్తారాండి?”

సరేనన్నాను. ఆవిడ నన్ను అడిగింది ఆ ఒక్కటే.

మస్కట్‌లో మూడో రోజు పెద్ద మసీదు చూడ్డానికి తయారవుతున్నాం. మణికట్టు దాకా చేతులూ, చీలమండల దాకా కాళ్ళూ కప్పుకోకపోతే లోపలికి రానివ్వరు. నా జాకెట్లూ కుర్తీలూ ఒక్కటీ పనికి రాలేదు. మసీదు గుమ్మం దగ్గర ఒళ్ళంతా కప్పే అబాయాలు అద్దెకిస్తారని గైడు చెప్పాడు. ఎవరెవరో విడిచినవి నేను తొడుక్కోవడమేమిటని మూతి ముడుచుకుని, పొట్లం విప్పి నీలం గౌను తొడుక్కున్నాను. అతికినట్టు సరిపోయింది. అంత ఎండలోనూ గాలాడుతూ హాయిగా ఉంది. ఎక్కడ కుట్టించారని తోటి ఆడవాళ్ళు అడిగితే, మా టైలరు అని గొప్పగా చెప్పాను.

సాయంత్రానికి చంకల్లో చెమట చారలు కట్టాయి. ఉతికించి ఇచ్చేస్తే ఎవరికి తెలుస్తుందిలే అని హోటల్ లాండ్రీకి వేశాను. రేపు సాయంత్రం ఇస్తామన్నారు. ఆవిడ కూతురు గౌన్లకోసం హోటల్‌కి రావలసింది ఎల్లుండి. కానీ యజమానురాలు అటువైపు బజారుకి వస్తుంటే బతిమాలుకుని కారెక్కి, మర్నాడు పొద్దున్నే వచ్చేసింది. ఉన్నది పది నిమిషాలు.

నా శరీరంలో సగం కూడా లేదు ఆ పిల్ల.

గంధం రంగు గౌను ఒక్కటే కవరులో పెట్టి చేతికిచ్చాను. దాన్ని తీసి ముఖానికి ఆనించుకుంది. తర్వాత కవరులోకి చూసింది.

“ఒకటేనాండి?”

“ఒకటే ఇచ్చిందమ్మా,” అన్నాను.

లాండ్రీలో ఉంది, నేను తొడుక్కున్నాను, తప్పయిపోయింది అంటే సరిపోయేది. ఇంకొకరింట్లో వంట చేసే పిల్ల ముందు ఆ మాట నా నోట రాలేదు. “ఆయ్,” అని నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. గౌను లాండ్రీ నుంచి వచ్చాక కూడా రోజంతా ఉంది. ఆ పిల్ల నంబరు నా ఫోన్లోనే ఉంది. చెయ్యలేదు. ఉతికి మడతపెట్టిన గౌను నాతోపాటే అమలాపురం వచ్చేసింది.

రెండు రోజులు వీధి చివరికి వెళ్ళకుండా తప్పించుకున్నాను. మూడో రోజు ఆవిడే వచ్చింది. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పేద్దామని నోరు తెరిచాను.

“అమ్మాయి ఫోన్ చేసిందండి,” అంది నాకన్నా ముందే. “రెండూ అందేయంటండి. రెండూ కొలిచి కుట్టినట్టే ఉన్నాయంటండి. నీలందే ఎక్కువ నచ్చిందంటండి.”

అంటే, వాళ్ళమ్మ ముందే ఫోన్లో చెప్పి ఉంటుంది; ఒకటేనా అని అడిగినప్పటికే ఆ పిల్లకి రెండని తెలుసు. వాళ్ళమ్మ కుట్టు చాలావరకు మా ఇంటి మీదే నడుస్తుంది. అందుకని నా అబద్ధాన్ని తను మోసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆవిడ ఇంకా వెళ్ళలేదు. గుమ్మం పట్టుకుని నిలబడింది.

“అది ఏదడిగినా బాగుందనే అంటుందండి. మీరు కళ్ళారా చూసేరు కదా. చిక్కిపోలేదు కదండి?”

“లేదు. నా అంతే ఉంది,” అన్నాను.

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. నేను వెనక్కి లాక్కోలేకపోయాను.