సెకనుకు ఎన్నిసార్లు?

నీటి మీటర్లు చదివే చేతిమిషన్లు తయారుచేసే ఆఫీసులో, వాటిని నడిపే మూల ప్రోగ్రాం 'కెర్నల్' పని పన్నెండేళ్లుగా ఆమెదే. మిషన్ లోపలి గడియారం ప్రాసెసర్‌ను సెకనుకు వెయ్యిసార్లు తట్టి లేపాలని నిర్ణయించిందీ ఆమే. ఇన్నాళ్లూ ఆ అంకెను ఎవరూ వేలెత్తి చూపలేదు.

చూపింది సొంత ఆడపడుచు. రెండేళ్ల కిందట తనే చెప్పి ఉద్యోగంలో పెట్టించిన పిల్ల. మధ్యాహ్నానికే బ్యాటరీ అయిపోతోందని మీటర్లు చదివేవాళ్లు గోల పెడుతుంటే, మీటింగులో లేచి, "వెయ్యిసార్లు లేపితే మిషన్‌కి కునుకెక్కడిది? వందకి తగ్గిద్దాం" అంది.

"ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా!" అన్నాడు మేనేజరు. అందరూ నవ్వారు. వదినా నవ్వింది, కడుపు మాత్రం భగ్గుమంది. ఇంట్లో భర్తదీ అదే పాట: "మా చెల్లి బుర్రే బుర్ర!" ఆమె కంచం ముందునుంచి లేచిపోయింది.

సోమవారం తన మిషన్‌లో వంద పెట్టి చూసింది. బ్యాటరీ సాయంత్రం దాకా నిలిచింది. ఆమె మొహం మాడింది. తీరా అందులోంచి బిల్లు చీటీ ముద్రిస్తే అంకెలు ఒకదాని మీదొకటి ఎక్కి వచ్చాయి. కాగితాన్ని జరిపే మోటారు గడియారం తట్టినప్పుడే కదులుతుంది. తట్టడం తగ్గేసరికి కాగితం వెనకబడింది. మర్నాడు రెండువందల యాభై పెట్టింది. చీటీ చక్కగా వచ్చింది, బ్యాటరీ కూడా నిలిచింది.

ఆడపడుచు పక్క బల్ల దగ్గరే ఉంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. వదిన చెడిన చీటీని నలిపి సంచిలో వేసుకుంది.

గురువారం అందరి ముందూ ఆడపడుచు వంద పెట్టిన మిషన్ మీట నొక్కింది. చీటీ అలుక్కుపోయి వచ్చింది. పిల్ల మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"రెండువందల యాభై పెట్టి చూడండి" అంది వదిన, అప్పుడే తోచినట్టు. పెట్టారు. చప్పట్లు మోగాయి.

మెట్ల దగ్గర ఆడపడుచు ఆపింది. "నీకెప్పుడు తెలిసింది వదినా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. "ముందే."

"చెప్పుంటే నేనే మార్చేదాన్నిగా."

"అందుకే చెప్పలేదు."

"బాధేసింది వదినా. అంకె మాత్రం భలే పట్టావు" అని పిల్ల మెట్లు దిగిపోయింది.

ఆ అంకె మార్పును నమోదు చేసేచోట వదిన ఇద్దరి పేర్లూ రాసింది, ఆడపడుచు పేరే ముందు. క్షమించమనడానికి మాత్రం నోరు రాలేదు. అంత మంట మీదా ఎదుటివాళ్లని మెచ్చుకోగలగడం ఆ పిల్లకి ఎలా చేతనయిందో! ఇప్పుడు వదినకి ఆ గుణం మీద అసూయ.